కారులో చల్లదనము తగ్గినపుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సముద్రమట్టమునకు 600 మొదలు 700 మీటర్ల ఎత్తుననున్న మెట్టసీమ ఊళ్లు. వేసవిలోను ఇచ్చటి ఉదయములు కొంత చల్లగా నుండును. అందుచేత కారులోని ఏ.సి. బలహీనపడినను ఆ సంగతి ఊరిలో తెలియదు. పలమనేరు మీదుగా మొగిలి కనుమ దిగి చిత్తూరునకో, భాకరాపేట కనుమ దిగి తిరుపతికో చేరునప్పటికి వెచ్చని గాలి మొగమున కొట్టును. “గ్యాసు అయిపోయినది, నింపవలె”నని షెడ్డులో చెప్పుదురు. యజమాని డబ్బు చెల్లించును. రెండు నెలలు తిరుగకముందే మరల అదే కథ.

ఇచ్చట గ్రహింపవలసినది ఒకటి కలదు. గ్యాసు పెట్రోలువలె ఖర్చగు వస్తువు కాదు. కంప్రెషరు దానిని అదిమి వేడెక్కించును. కారు ముందుభాగముననున్న కండెన్సరు ఆ వేడిని బయటికి విడిచి దానిని ద్రవముగా మార్చును. ఆ ద్రవము సన్నని కవాటము దాటి, డ్యాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిలులో ఆవిరియగుచు, లోపలి గాలిలోని వేడిని పీల్చుకొనును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఆవిరియగుటవలననే గదా! ఆ గ్యాసే మరల మరల తిరుగుచుండును. రబ్బరు గొట్టములగుండా ఏండ్లమీద కొంత తరుగుట సహజమే. నెలలలోనే తరిగినచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము.

కావున పరీక్ష ఖర్చులేని చోట మొదలు పెట్టవలెను. గాలియే తక్కువగా వచ్చుచున్నచో క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో పూడినదేమో చూడుడు. పరుగులో చల్లగా నుండి, టమాటా లారీల వెనుక మెల్లగా కనుమ ఎక్కునపుడు వెచ్చబడినచో, కండెన్సరునకు గాలి చాలలేదన్నమాట. దాని ఫ్యాను తిరుగుచున్నదా, రెక్కలలో మట్టి చేరినదా యని చూడవలెను. ఈ రెంటికిని గ్యాసుతో పనిలేదు.

ఎప్పుడును చల్లదనము లేనిచో మెకానిక్కు గేజీలు తగిలించి రెండువైపుల ఒత్తిడిని కొలువవలెను. రెండును తక్కువగా నున్నచో సాధారణముగా గ్యాసు తక్కువైనట్లు. తక్కువగా నుండవలసిన వైపు ఎక్కువగాను, ఎక్కువగా నుండవలసిన వైపు తక్కువగాను కనబడినచో కంప్రెషరును అనుమానింపవలెను. గ్యాసు కారు చోటును నత్రజని ఒత్తిడిచేతను, సబ్బునీటిచేతను, రంగుద్రవముచేతను కనుగొందురు. అది కీలులోని రబ్బరు రింగైనచో స్వల్పవ్యయము. కూలింగ్ కాయిలైనచో పలు కార్లలో డ్యాష్‌బోర్డు విప్పవలసి యుండుటచే కూలియే అధికమగును.

కారుటను మాన్పక గ్యాసు నింపించుకొనుచు పోవుట పొదుపు కాదు. కంప్రెషరునకు కావలసిన నూనె గ్యాసుతో కలిసియే తిరుగును. గ్యాసు తరిగినచో నూనె సరిగా చేరక కంప్రెషరు అరిగిపోవును. చిన్న రింగుతో తీరవలసిన పని కంప్రెషరు ఖరీదువరకు పెరుగును. గాలికి పోయిన గ్యాసు లోకమునకును కీడే. ఓజోను పొరను కాపాడుటకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందము ననుసరించి పాత ఆర్-12 గ్యాసును మానివేసిరి. దాని స్థానమున వచ్చిన ఆర్-134ఎ ఓజోనును హరింపదు. కాని సమాన బరువున బొగ్గుపులుసు వాయువుకంటె వేయిరెట్లకు మించి భూమిని వేడెక్కించును. కావున పాత గ్యాసును బయటికి వదలక యంత్రముతో తీసికొను షెడ్డు మేలైనది.

డబ్బు చెల్లించుటలోను ఒక క్రమము కలదు. పరీక్షకు ఇంత, విడిభాగమునకు ఇంత, కూలికి ఇంత, గ్యాసునకు ఇంత యని ముందుగా వేరువేరుగా వ్రాయించుకొనవలెను. తీసిన పాతభాగమును చూపుమని అడుగవలెను. గొట్టములు విప్పినచో క్రొత్త డ్రయరు వేయించి, వాక్యూము పంపుతో గాలిని, తేమను పూర్తిగా లాగించవలెను. తరువాత బానెట్టు క్రింది చీటీలో గ్రాములలో సూచించినంత గ్యాసునే తూచి నింపించవలెను. ఎక్కువైనను చల్లదనము తగ్గును. పనికి హామీ ఎంతకాలమో బిల్లులో వ్రాయించుకొనుట మరువరాదు. పెద్ద ఖర్చు చెప్పినపుడు మరియొక షెడ్డులోగూడ చూపించుకొనుట మంచిది.

ఈ పరీక్షను ఉదయపు చలిలోగాక, ఫాల్గుణమాసపు మిట్టమధ్యాహ్నమున చేయించుకొన్నచో, కనుమ దిగకముందే లోపము బయటపడును. అప్పటికి వేసవి రద్దీ మొదలుకాదు. తొందరపడి అడిగినంత ఇచ్చుకొనవలసిన అవసరమును ఉండదు.