ఇంటి ముంగిట బ్రేకుల మరమ్మతు

గుర్రానికి కళ్ళెం, ఏనుగుకు అంకుశం, కారుకు బ్రేకు. మొదటి రెండూ ఎదురుగా కనపడతాయి. మూడోది చక్రం చాటున దాగి వుంటుంది. కనపడనిదాన్ని మరిచిపోవడం మానవ స్వభావం. అందుకే కారును వారానికొకసారి తళతళలాడేటట్టు తుడిచే పెద్దమనుషులు కూడా బ్రేకు ప్యాడ్లు అరిగాయో లేదో ఏళ్ళ తరబడి చూడరు.

మా దేవరాపల్లి కొండల అంచున వున్న ఊరు. మొన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. శారదానది మీది రైవాడ జలాశయం మా మండలంలోదే. మాడుగుల మీదుగా వెళితే పాడేరు ఘాటు, శృంగవరపుకోట మీదుగా వెళితే అనంతగిరి ఘాటు. కాఫీతోటలు చూద్దామనీ, మబ్బుల్లో నిలబడదామనీ జనం ఎక్కుతూనే వుంటారు. ఎక్కేటప్పుడు శ్రమ ఇంజనుది. దిగేటప్పుడు శ్రమంతా బ్రేకులది. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాటులో డముకు దగ్గర యాత్రికుల బస్సు లోయలో పడి ప్రాణాలు పోయిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు.

చెప్పులు కుట్టేవాని సాయం

బ్రేకులకు అరిగే తొడుగు వెయ్యాలనే ఆలోచన ఏ మహా ఇంజనీరుదో అనుకుంటాం. అది ఒక ఇల్లాలిది! 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మోటారుబండిని ఆయనకు చెప్పకుండా తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు వంద కిలోమీటర్లు వెళ్ళింది. దారిలో కొయ్య బ్రేకు దిమ్మలు అరిగిపోయాయి. ఆవిడ కంగారుపడలేదు. దారిలో చెప్పులు కుట్టేవాని చేత ఆ దిమ్మలకు తోలు కొట్టించి ముందుకు సాగిపోయింది. నేటి ప్యాడ్లకు ఆ తోలుముక్కే మూలపుటమ్మ.

చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు. దాన్ని రెండువైపుల నుంచి పట్టేవి ప్యాడ్లు. వాటిని పట్టుకునే దవడ కాలిపర్. కాలితో పెడల్ నొక్కితే బ్రేకు ఆయిల్ ఆ ఒత్తిడిని పిస్టనుకు మోసుకుపోతుంది. డిస్కు అడకత్తెరలో పోకచెక్క అవుతుంది. లాంచెస్టర్ అనే ఇంగ్లీషాయన 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. కాని 1953లో లమాన్ పందెంలో జాగ్వార్ కార్లు వాటితో గెలిచాకనే లోకం కన్ను దానిమీద పడింది. నేడు మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు వుంటాయి. నేను చెప్పబోయేది ముందు డిస్కుల సంగతి.

"ఈ ఒక్క ట్రిప్పూ..."

మా వీధిలో ఒక కుర్రవాడు కారు అద్దెకు తిప్పుతాడు. ఒక సాయంత్రం అతని బండి వీధి మొగలో ఆగుతుంటే కీచుమని అరిచింది. చక్రం ఊచల సందున దీపం పెట్టి చూస్తే, ప్యాడు రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

"ఇది మార్చాలి, తమ్ముడూ!" అన్నాను.

"రేపు తెల్లారి పాడేరు ట్రిప్పు వుందన్నయ్యా. చంటిపిల్లతో ఒక కుటుంబం ఎక్కుతున్నారు. ఈ ఒక్క ట్రిప్పూ వెళ్ళొచ్చీసి మార్చీస్తాను" అన్నాడు.

"ఘాటు నీ ట్రిప్పులు లెక్కపెడుతుందా?" అన్నాను.

అతను కాసేపు తల గోక్కుని, చోడవరం వెళ్ళి కొత్త ప్యాడ్లు తెచ్చాడు. ఇద్దరం మా వాకిట్లో పనికి కూర్చున్నాం.

కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు పది మిల్లీమీటర్లు వుంటుంది. మూడుకు వచ్చిందంటే మార్చవలసిందే. కీచుమనడం చాలా ప్యాడ్లలో కావాలని పెట్టిన హెచ్చరిక: అరిగినకొద్దీ ఒక చిన్న రేకు డిస్కుకు తగిలి అరుస్తుంది. అప్పుడూ వినకపోతే గరగరమనే చప్పుడు మొదలవుతుంది. అంటే ఇనుము ఇనుమును తింటున్నదన్నమాట.

కావలసిన పనిముట్లు

జాకీ, బండి బరువు మోసే గట్టి స్టాండ్లు, వీల్ స్పానరు, రింగు స్పానర్లు, సి-క్లాంపు, వైర్ బ్రష్, బ్రేకు క్లీనరు, వేడికి కరగని బ్రేకు గ్రీజు, కాస్త కట్టుతీగ, ముక్కుకు మాస్కు, చేతికి తొడుగులు. బోల్టును కొలిచి బిగించే టార్క్ రెంచి వుంటే మరీ మంచిది. కారుతో ఇచ్చిన పుస్తకం కూడా పనిముట్టే.

పని జరిగే తీరు

చదునైన గట్టి నేల చూసుకోవాలి. హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. చక్రం నేలమీద వుండగానే నట్లు కాస్త వదులు చెయ్యాలి. తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం ఊడదియ్యాలి. జాకీని మాత్రమే నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టరాదు.

ఒకసారికి ఒకవైపే విప్పాలి. ఏది ఎటు వుండాలో సందేహం వస్తే రెండోవైపు చూసుకోవచ్చు. చాలా కార్లలో కాలిపర్ కింది బోల్టు తీస్తే, అది పైకి తలుపులా లేస్తుంది. మొత్తం ఊడదీస్తే తీగతో కట్టి నిలపాలి. రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకూడదు.

లోపలి ధూళిని నోటితో ఊదకండి. పూర్వపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వుండేది. అది ఊపిరితిత్తులకు మహా చెరుపు. ఇప్పటి చాలా ప్యాడ్లలో అది లేకపోయినా ఆ పొడి పీల్చదగినది కాదు. క్లీనరుతో తడిపి తుడవాలి.

డిస్కు మీద లోతైన గాళ్ళున్నా, దానిమీద ముద్రించిన కనీస మందం కంటే పలచబడినా ప్యాడ్లు మార్చి ప్రయోజనం లేదు. డిస్కు కూడా మార్చాలి. తర్వాత బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి, పాత ప్యాడును అడ్డుపెట్టి సి-క్లాంపుతో పిస్టనును మెల్లగా లోపలికి నెట్టాలి. అప్పుడు ఆయిల్ పైకి వస్తుంది. పొంగి పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది. జారే పిన్నులను శుభ్రంచేసి గ్రీజు రాయాలి. ప్యాడు ముఖానికీ, డిస్కుకూ మాత్రం గ్రీజు చుక్క తగలకూడదు. కొత్త ప్యాడ్లు కూర్చి, పుస్తకంలో చెప్పినంత గట్టిగా బోల్టులు బిగించాలి. చక్రం నట్లు ఎదురెదురుగా మార్చి మార్చి బిగించాలి. ఒకవైపు మార్చి రెండోవైపు వదిలెయ్యడం పనికిరాదు; బండి పక్కకు లాగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: బండి కదిలించకముందే పెడల్‌ను గట్టిపడేదాకా పదేపదే నొక్కాలి. పిస్టను వెనక్కి వెళ్ళి వున్నది కనుక మొదటి తొక్కుకు పెడల్ నేలకు అంటుతుంది. ఇది మరిచినవాడు తన గోడనే గుద్దుకుంటాడు! తర్వాత ఖాళీ రోడ్డుమీద యాభై కిలోమీటర్ల వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, ఏడెనిమిది సార్లు మెత్తగా తగ్గిస్తే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటుపడతాయి.

కొండ లెక్క

వెయ్యి కిలోల కారు వంద మీటర్ల ఎత్తు దిగిందనుకోండి. వేగం పెరగకుండా భారమంతా బ్రేకులే మోస్తే పుట్టే వేడి మూడు లీటర్ల నీళ్ళను మరిగేదాకా కాచడానికి చాలు. ఘాటంతా దిగితే ఎన్ని బిందెలో మీరే లెక్కవేసుకోండి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్-4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకుండా నిలవాలి. తేమ పట్టినదానికి ప్రమాణం 155 మాత్రమే. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి చేరి పెడల్ దూదిలా దిగిపోతుంది. అందుకే రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చాలి. కొండ దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి.

అన్నీ ఇంట్లోనే చెయ్యాలనడం లేదు. ఆయిల్ కారుతున్నా, పిస్టను బిగుసుకున్నా, వెనుక డిస్కులకు విద్యుత్తు హ్యాండ్ బ్రేకు వున్నా మెకానిక్కు దగ్గరకే వెళ్ళాలి. చేతకాని పని చేతకాదని తెలుసుకోవడం కూడా పనితనమే.

ఆ రాత్రి పని ముగిసేసరికి తొమ్మిది దాటింది. అరిగిన ప్యాడ్లను కుర్రవాడు పారెయ్యలేదు. కొత్తదాని పక్కన పాతదాన్ని పెట్టి, తోటి డ్రైవర్లకు చూపిస్తున్నాడు. నా ఉపన్యాసం కంటే ఆ రెండు ముక్కలే ఎక్కువమందిని ఒప్పిస్తున్నాయి.