ఇంట్లో వైఫై నిలవకపోతే

పాలబిల్లు ఖాతాలో పడిందో లేదో చూద్దామంటే ఇంట్లో వైఫై నిలవడం లేదని సభ్యులు తరచు అంటున్నారు. కొత్త రౌటరు కొనేముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

ఫోను పట్టుకుని రౌటరు పక్కనే నిలబడి చూడండి. అక్కడా రాకపోతే బయటి లోపం కావచ్చు. ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపం వెలుగుతుంటే ఫైబరులో సిగ్నలు రానట్లే; కనెక్షన్ ఇచ్చినవారే వచ్చి సరిచేయాలి. దాన్ని మీరు వంచి చూడవద్దు, లోపల ఉన్నది గాజుపోగు.

రౌటరు దగ్గర బాగుండి వసారాలో పోతుంటే తప్పు మనదే. చాలా ఇళ్లలో దానిని ఇనుప బీరువా వెనుక దాస్తారు. ఒక సభ్యుని ఇంట్లో పాల క్యాన్ల చాటున కనిపించింది! లోహం తరంగాలను వెనక్కు కొడుతుంది. మందపు గోడలు, నీళ్లతొట్టి కొంత మింగేస్తాయి. కనుక రౌటరును ఇంటి నడుమ, తల ఎత్తున, అడ్డు లేకుండా ఉంచాలి.

ఫోనులో రెండు పేర్లు కనబడితే దూరపు గదికి 2.4 గిగాహెర్ట్జ్‌ది ఎంచుకోండి. 5ది వేగమే గాని గోడలను అంత బాగా దాటలేదు. ఇరుగుపొరుగు రౌటర్లు అడ్డుతగిలితే 2.4లో చానల్‌ను 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్పించుకోవచ్చు.

వైఫై పోయినప్పుడల్లా రౌటరు దీపాలన్నీ ఆరి మళ్లీ వెలుగుతుంటే మాత్రం ముందు ప్లగ్గు, అడాప్టరు చూడండి.