చంటిపిల్లలతో షికారా? సంచీ కంటే ముందు టేపు తీయండి

సూర్యాపేట : వేసవి సెలవులు దగ్గర పడుతున్నాయంటే జాతీయ రహదారి పక్కనున్న ఊళ్లలో హైదరాబాదు షికార్ల ముచ్చట మొదలవుతుంది. కోదాడ, సూర్యాపేట, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా వెళితే నగరం ఇంకా రాకముందే రామోజీ ఫిలిం సిటీ వస్తుంది. 1996లో మొదలైన చోటది. ఇంకొంచెం ముందుకు పోయి పెద్ద అంబర్‌పేట వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కితే, 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లాకు చేరవచ్చు. నగరం రద్దీలో పడకుండానే వెళ్లి రావచ్చు గనుక ఈ ప్రాంతం నుంచి కుటుంబాలకు కుటుంబాలే బయలుదేరుతుంటాయి.

చిక్కల్లా చంకన రెండేళ్ల బిడ్డ ఉన్నప్పుడే. పెద్దలు టిక్కెట్టు డబ్బు గిట్టాలని చూస్తారు. బిడ్డకు కావలసింది నీడ, నిద్ర, అమ్మ ఒడి. ఈ రెంటికీ పొత్తు కుదరక మధ్యాహ్నానికే బిడ్డ ఏడుపు, తల్లి విసుగు, తండ్రి కోపం మొదలవుతాయి. నిజానికి రెండేళ్ల నాటి షికారు పెద్దయ్యాక ఎవరికీ గుర్తుండదు. ఆ ముచ్చట పెద్దలది. బిడ్డ క్షేమంగా, హుషారుగా ఇల్లు చేరడమే ఆ రోజుకు అసలు లెక్క.

వయసు కాదు, ఎత్తు

బస్సులో, రైల్లో అయిదేళ్ల లోపు పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. రైల్లో విడిగా బెర్తు అడగకుంటే చాలు. పెద్ద పార్కుల లెక్క వేరు. వండర్‌లాలో వయసు అడగరు, ఎత్తు కొలుస్తారు. 85 సెంటీమీటర్ల లోపు బిడ్డకు ప్రవేశం ఉచితం. అంటే సుమారు రెండడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతల్లో రెండేళ్లు నిండిన మగబిడ్డ మధ్యస్థ ఎత్తు సుమారు 87 సెంటీమీటర్లు, ఆడబిడ్డది సుమారు 86. కాబట్టి రెండో పుట్టినరోజుకు అటూ ఇటూగా చాలామంది పిల్లలు ఆ గీత దాటేస్తారు. గేటు దగ్గర వాదులాట లేకుండా, ఇంట్లోనే గోడకు నిలబెట్టి టేపుతో కొలుచుకోవడం మేలు.

ఆ కొలత ఇంకో సంగతి కూడా చెబుతుంది. పెద్ద ఆటలు వేటికీ ఇంత చిన్నపిల్లలను ఎక్కనివ్వరు. అది భద్రత కోసం పెట్టిన నియమం. బతిమాలడానికి లేదు. బిడ్డకు దక్కేది రంగులరాట్నం లాంటి నాలుగైదు మాత్రమే. అది ముందే తెలిస్తే లోపలికి వెళ్లాక నిరాశ ఉండదు.

బడి లేని బిడ్డకు సెలవులెందుకు?

బడికి వెళ్లే పిల్లలున్నవారికి ఎండాకాలం తప్పదు. ఇంట్లో చంటిబిడ్డ ఒక్కతే ఉంటే మే నెల దాకా ఆగి, 44 డిగ్రీల ఎండలో వరుసల్లో నిలబడవలసిన ఖర్మ ఏమిటి? నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పండుగలు, శని ఆదివారాలు వదిలేసి మామూలు రోజు చూసుకుంటే ఎండా తక్కువ, జనమూ తక్కువ. వేసవిలోనే వెళ్లక తప్పదంటే పదకొండు లోపు, మళ్లీ నాలుగు తర్వాత తిరగాలి. మధ్య వేళంతా నీడ పట్టునే.

నిద్ర పోతే ఆటా పోయినట్లే

ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి బండెక్కిస్తే ఆ లోటు మధ్యాహ్నం ఏడుపై బయటపడుతుంది. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు మన జిల్లాల వారి చుట్టాలు లేని ఇల్లు అరుదు. ముందు రోజు సాయంత్రమే వెళ్లి అక్కడ పడుకుంటే సగం అలసట తప్పుతుంది. పార్కులో కూడా బిడ్డ రోజూ కునుకు తీసే వేళకు ఆట ఆపి, చల్లని మూల చూసుకోవాలి. ఫిలిం సిటీ విశాలమైనది. బస్సుల్లో తిప్పినా, దిగి నడవవలసింది ఉండనే ఉంటుంది. తోపుడు బండి ఉంటే చేతులకు విశ్రాంతి.

సంచీలో ఏముండాలి?

బయటి తిండిని చాలా పార్కులు లోపలికి రానివ్వవు. పసిపిల్లల ఆహారం సంగతి ముందుగా ఫోను చేసి అడగాలి. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. అరటిపండు, ఇడ్లీ నయం. వేరుశనగలు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష ఈ వయసుకు గొంతులో అడ్డుపడే ప్రమాదముంది. కాచి చల్లార్చిన నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లం, టోపీ, రెండు జతల బట్టలు తప్పనిసరి. నీటి ఆటల్లో నూలు బట్టలను ఒప్పుకోరు. నైలాను దుస్తులు ఊళ్లోనే కొనుక్కుంటే చవక.

చేయి చాపితే అందాలి

నీళ్ల దగ్గర బిడ్డ ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉండాలి. చీలమండ లోతు నీరు కూడా బోర్లా పడిన పసిబిడ్డకు ప్రాణాంతకం. గాలి నింపిన ట్యూబును నమ్ముకోవడానికి లేదు. కాపలావాడున్నాడు గదా అని కూడా కన్ను మరల్చరాదు.

జనంలో బిడ్డ తప్పిపోవడానికి అరనిమిషం చాలు. ఉదయం బయలుదేరేటప్పుడే, వేసుకున్న బట్టలతో ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచాలి. ఇద్దరు పెద్దల నంబర్లు రాసిన చీటీ బిడ్డ జేబు లోపల పెట్టాలి. చొక్కా మీద పేరు రాయవద్దు, పేరు పెట్టి పిలిచిన వారి వెంట బిడ్డ వెళ్లే ప్రమాదముంది. కనిపించకపోతే తామే వెతుకుతూ కూర్చోక, వెంటనే పార్కు సిబ్బందికి చెప్పాలి. అత్యవసర సాయానికి 112, పిల్లల సాయానికి 1098 ఉన్నాయి.

నాయనమ్మ ముచ్చట మాటేమిటి?

చాలా కుటుంబాలు మరిచే విషయం ఇది. నాయనమ్మకో, అమ్మమ్మకో టిక్కెట్టు కొంటారు. ఆమె రోజంతా బల్ల మీద కూర్చుని బిడ్డకు, సంచీలకు కాపలా కాసి వస్తుంది. గంట గంటకు వంతులు వేసుకుంటే ఆమె కూడా చూడవలసినవి చూస్తుంది. భార్యాభర్తల మధ్య కూడా అదే పద్ధతి మంచిది.

ఇంత ఏర్పాటు కుదరని వారికి వేరే దారి లేకపోలేదు. హైదరాబాదులో 1963లో తెరిచిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. అక్కడ పులిని చూడడానికి ఎత్తుతో పనిలేదు. నడవలేకపోతే బ్యాటరీ బండ్లున్నాయి. సోమవారం సెలవు. ఏనుగును చూసి బిడ్డ చప్పట్లు కొట్టాక గంటలోనే తిరిగి వచ్చేసినా నష్టం లేదు. పెద్ద పార్కులు ఎక్కడికీ పోవు. బిడ్డ గోడ మీది గీత దాటి నాలుగంగుళాలు ఎదిగాక వెళ్లినా అక్కడే ఉంటాయి.