కొత్త టీవీ కొన్నాం, బొమ్మ మాత్రం పాతదే

మొన్న సంక్రాంతికి మా వీధి చివర పిన్ని 43 అంగుళాల టీవీ కొంది. రాజోలు పక్క రొయ్యల వొలుపు షెడ్డుకి పనికెళ్ళే మనిషి. నెలకి 2 వేలు చొప్పున వాయిదాల మీద తెచ్చుకుంది. అట్టపెట్టె విప్పేసరికి వీధంతా పోగయ్యాం. తీరా ఆన్ చేస్తే బొమ్మ అలికేసినట్టుంది. మొహాలు అడ్డంగా సాగిపోయి, సన్నగా ఉండే హీరోయిన్ కూడా బొద్దుగా కనపడతంది. పాత డబ్బా టీవీయే నయం అనిపించింది.

కొట్టుకెళ్తే, "మా టీవీ బంగారం అమ్మా, కేబులబ్బాయిని అడుగు" అన్నారంట. కేబులబ్బాయిని అడిగితే, "మా సిగ్నల్ అద్దంలాగుంది, నీ టీవీయే తేడా" అన్నాడంట. ఇలా అటూ ఇటూ తిరగడంలో రెండ్రోజుల కూలి పోయింది. ఆఖరికి నా దగ్గరికొచ్చి, "ఒరే బాబూ, పింఛను కాగితాలు రాసిపెడతావు గదా, దీని సంగతి కూడా చూడరా" అంది. పదో తరగతితో బడి మానేసినోణ్ణి, టీవీల సంగతి నాకేం తెలుసు? అయినా కూర్చున్నాను. ఆ నాలుగు రోజుల్లో తెలుసుకున్నదే ఇక్కడ రాస్తన్నాను. ఈ ఇబ్బంది పిన్నిదొక్కదానిదే కాదు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాస్తా 18 శాతం అయింది గదా, మా వీధిలోనే మూడు పెద్ద టీవీలు దిగాయి. మూడింట్లోనూ ఇదే గోల.

ముందు అసలు కథ. టీవీ బొమ్మంటే చుక్కల ముగ్గనుకోండి. పాత రకం ఛానల్, అంటే ఎస్‌డీ, 720 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు. మొత్తం 4 లక్షల 14 వేల చిల్లర. హెచ్‌డీ బొమ్మ 1920 బై 1080, అంటే 20 లక్షల 73 వేల పైమాటే. అయిదు రెట్లు. చిన్న తెర మీద ఆ తక్కువ చుక్కలు సరిపోయేవి. 43 అంగుళాల తెర మీద ఆ నాలుగు లక్షల చుక్కల్నే సాగదీసి పరిస్తే అలికినట్టు కాక ఎలాగుంటాది? టీవీ పెద్దదైంది, దానికి పెట్టే తిండి మాత్రం పాతదే.

హెచ్‌డీ కనపడాలంటే నాలుగు చోట్లా హెచ్‌డీ ఉండాలండి. టీవీ, పెట్టె, ఆ రెండింటికీ మధ్య తీగ, మనం డబ్బు కట్టే ఛానల్. ఇందులో ఒక్కటి పాతదైనా మిగతా మూడూ దండగే.

పిన్ని వాళ్ళింట్లో నేను మొట్టమొదట చూసింది తీగ. పెట్టె నుంచి టీవీకి ఎరుపు, పసుపు, తెలుపు మూడు మూతుల తీగ వేసి ఉంది. పసుపుది బొమ్మకి, మిగతా రెండూ మాటకి. ఆ పసుపు తీగలోంచి హెచ్‌డీ పోదు, తలకిందులుగా తపస్సు చేసినా పోదు. హెచ్‌డీఎంఐ అని పలకగా ఉండే మూతి తీగ కావాలి. బొమ్మా మాటా రెండూ ఆ ఒక్క తీగలోనే వెళ్తాయి. అది గుచ్చాక టీవీ రిమోట్‌లో సోర్స్ గానీ ఇన్‌పుట్ గానీ నొక్కి, తీగ ఏ రంధ్రంలో పెట్టామో ఆ హెచ్‌డీఎంఐ నంబరు ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, నల్ల తెర చూసి కంగారు పడిపోతారు.

సరే, ఆ తీగ పెడదామని పెట్టె వెనక్కి తిప్పితే దానికసలు ఆ రంధ్రమే లేదు! పాత ఎస్‌డీ పెట్టె. అలాంటిది హెచ్‌డీ ఛానల్‌ని విప్పి చూపించలేదు. కానీ చిత్రమేంటంటే, టీవీ వచ్చిన రోజే కేబులబ్బాయి "హెచ్‌డీ ప్యాక్ వేసేత్తాను పిన్నీ" అని చెప్పి రెండు నెలలుగా దాని డబ్బులు పట్టుకెళ్తన్నాడు. చూపించలేని పెట్టెకి హెచ్‌డీ ప్యాక్! ఈత రానోడికి పడవ అద్దె తీసుకుని ఒడ్డునే నిలబెట్టినట్టుంది.

పెట్టె మార్చాక చూసుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. పెట్టె రిమోట్‌లో మెనూలోకెళ్ళి బొమ్మ సైజు 1080 పెట్టుకోవాలి, ఆకారం 16:9 పెట్టుకోవాలి. మొహాలు బొద్దుగా సాగేది ఈ ఆకారం తేడా వల్లే. పాత ఛానళ్ళలో కొన్ని 4:3 ఆకారంలో వస్తాయి, వాటిని టీవీ నిండా లాగితే మనుషులు బలుస్తారు. పక్కల నల్లగా ఉన్నా పర్లేదనుకుని వదిలేస్తే బొమ్మ సరిగ్గా ఉంటాది.

సిగ్నల్ సంగతి వేరే. రెంటికీ తేడా తెలిస్తే ఎవడూ మనల్ని తిప్పించలేడు. పాత కాలంలో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పాకేవి. ఇప్పటి డిజిటల్‌లో చీమలుండవు, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతాది, మాట తెగుతాది, లేకపోతే మొత్తానికే పోతాది. కాబట్టి బొమ్మ విరక్కుండా అలికినట్టుంటే అది పెట్టె, తీగ, లేదా ఛానల్ గొడవ. గళ్ళుగా విరిగితే బయట తీగ గొడవ. మా కోనసీమలో ఈ రెండోది కూడా ఎక్కువే. కొబ్బరి చెట్టుకి కట్టిన తీగ గాలికి రాపిడౌతాది, ఉప్పుగాలికి మూతులు తుప్పు పడతాయి. ఒక తీగని రెండు గదులకి చీలిస్తే సిగ్నల్ సగం సగం అవుతాది. మూతి కోసి కొత్తది వెయ్యమని అడగండి, పెద్ద పనేం కాదు.

ఇక డబ్బు సంగతి. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. ఏ ఛానల్ కావాలో మనమే ఏరుకోవచ్చు, ఏరుకున్నదానికే డబ్బు. మొదట్లో 100 ఛానళ్ళకి నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆ లెక్కలో ఒక హెచ్‌డీ ఛానల్‌ని రెండు ఎస్‌డీ ఛానళ్ళ కింద కట్టారు. 2020లో ఆ 130కే 200 ఛానళ్ళివ్వాలన్నారు. 2024 జులైలో ఆ ఫీజు మీద పరిమితే ఎత్తేశారు, ఎవరి రేటు వాళ్ళు పెట్టుకోవచ్చు, కానీ దాన్ని బయటికి ప్రకటించాలి. నాకైతే ఇది నచ్చలేదు. పరిమితి తీసేస్తే పల్లెలో పోటీ ఎక్కడుంది, ధర దిగడానికి?

ఒకే ఛానల్ ఎస్‌డీదీ హెచ్‌డీదీ రెండూ మన బిల్లులో ఉంటే రెంటికీ కడతన్నాం. ఒకటి తీయించెయ్యండి. ప్యాక్ పేరు కాదు, అందులో ఛానళ్ళ పేర్లు రాసిన కాగితం అడగండి.

కేబులబ్బాయి ఒక్కణ్ణే తిట్టి లాభం లేదని కూడా చెప్పాలి. చెట్టెక్కేదీ, వానలో తీగ లాగేదీ అతనే. పై ఆపరేటరుతో వేరే ఒప్పందం లేకపోతే ఆ నెట్‌వర్క్ ఫీజులో 55 పాళ్ళు పైవాడికి, 45 పాళ్ళు ఇతనికి. ఇంకో తలనొప్పి, ఒక కంపెనీ పెట్టె ఇంకో కంపెనీ సిగ్నల్‌కి పనికిరాదు. అన్నిటికీ పనికొచ్చేలా పెట్టెలుండాలని ట్రాయ్ 2020లోనే సిఫార్సు చేసింది. మన చూరు కింద పాత పెట్టెలు మాత్రం పోగుపడతానే ఉన్నాయి.

నవ్వొచ్చేదేంటంటే, ఏపీ ఫైబర్‌నెట్ మొట్టమొదట వచ్చింది మా సఖినేటిపల్లి మండలం మోరికే. 2016 డిసెంబరు 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వచ్చి ప్రారంభించారు. నెలకి 149కే ఫోను, నెట్టు, 250 ఛానళ్ళు అన్నారు. దేశానికే నమూనా అన్నారు. గాజు తీగ ఊళ్ళోకి వచ్చింది నిజమే. పెట్టెకీ టీవీకీ మధ్య ఉండే మీటరు తీగ గురించి చెప్పేవాళ్ళే లేరు.

పిన్నికి మేం ఒక కాగితం రాసిచ్చాం: హెచ్‌డీ పెట్టె ఇవ్వాలి, ఇవ్వని రెండు నెలల హెచ్‌డీ డబ్బు తర్వాతి బిల్లులో తగ్గించాలి, పెట్టె అద్దెదో సొంతానిదో రసీదులో రాయాలి. రెండో కాపీ మీద కేబులబ్బాయి చేత సంతకం పెట్టించాం. మూడో రోజున పెట్టె మారింది. ఛానళ్ళు కూడా తనే ఏరుకుంది, మూడే మూడు హెచ్‌డీవి, మిగతావన్నీ తీయించేసింది. డబ్బు మాత్రం ఇంకా తగ్గించలేదు, "వచ్చే నెల చూత్తానండి" అంటన్నాడు. ఆ కాపీ పిన్ని వాయిదా పుస్తకంలో దాచుకుంది. ఒకటో తారీఖున ఇద్దరం వెళ్తన్నాం.