దుమ్ము మింగని గొట్టం

వీరాపురంలో కొంగల కోసం అడవికి పోనక్కర్లేదు. ఊరి నడుమ చింతచెట్ల మీదే గూళ్లు. కింద బర్రెలు, గడ్డివాములు, ఆరేసిన దుప్పట్లు. పైన తోక దగ్గర గులాబిరంగు ఈకలతో ఎర్రకాళ్ల కొంగలు. చలి వెనకబట్టే వేళకు వచ్చి, ఎండలన్నీ ఇక్కడే గడిపి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్లిపోతాయి. చుట్టుపక్కల అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. మా పత్రికలవాళ్లమూ అలాగే రాశాం. నిజానికి ఇవి మన ఉపఖండపు కొంగలే, సైబీరియా మొహం ఎరగవు. చిలమత్తూరు మండలంలోని ఈ ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, ఎండా దుమ్మూ మాత్రం పాత అనంతపురానివే.

సెలవురోజున ఇక్కడికొచ్చే కెమెరావాళ్లలో కొత్తగా ఫుల్‌ఫ్రేమ్‌కి మారినవాళ్లను ఇట్టే గుర్తుపట్టొచ్చు. ముఖంలో చిన్న దిగులుంటుంది. చిన్న సెన్సర్ ఉన్న కెనాన్‌లో 200 ఎం.ఎం. లెన్సు 320లా దగ్గరికి లాక్కొచ్చేది. ఇప్పుడు అదే లెన్సులో కొంగ కాస్తా వెనక్కి జరిగిపోయింది. కెమెరాకే జేబు ఖాళీ. కొత్త లెన్సు మాటెత్తితే ఇంట్లో గొడవ. ఇక బెంగళూరులో పాత లెన్సుల వేట మొదలవుతుంది. కెనాన్ వాళ్లకైతే అది చాలాసార్లు రెండింటి దగ్గర ఆగుతుంది: 1998 నాటి 100-400, 1999 నాటి 70-200 ఎఫ్/4.

కాగితం మీద 100-400దే గెలుపు. రెట్టింపు దూరం, పైగా చేతి వణుకును సర్దే స్టెబిలైజర్. కానీ దాని జూమ్ తిప్పేది కాదు, ముందుకు తోసి వెనక్కి లాగేది. అచ్చం కొలిమి తిత్తి. ఫొటోగ్రాఫర్లు దానికి ‘దుమ్ము పంపు’ అని పేరే పెట్టేశారు. ఆ పేరు న్యాయమా కాదా అని వేరే చోట్ల వాదించుకోవచ్చు. ఆషాఢంలో అనంతపురం గాలి తిన్నవాడు వాదించడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల, చెనక్కాయ పీకాక బోసిపోయిన చేలు, రామగిరి కొండ మీద మరల్ని తిప్పే గాలి! కెనాన్ కూడా 2014లో ఈ లెన్సును మళ్లీ చేసినప్పుడు తోసే పద్ధతి మానేసి తిప్పే రింగు పెట్టింది.

70-200 అలా కాదు. జూమ్ చేసినా, ఫోకస్ చేసినా పొడవు మారదు; కదిలేది లోపలి గాజులే. బరువు 705 గ్రాములు, 100-400లో దాదాపు సగం. నీళ్లు చొరకుండా రబ్బరు సీళ్లు లేవంటారు, నిజమే. వాన ఎక్కడుందని! స్టెబిలైజర్ లేకపోవడం మాత్రం లోటే. అయితే ఎగిరే కొంగకు ఎలాగూ షట్టర్ 1/1000 పైన పెడతాం, వేసవి వెలుతురులో ఆ లోటు తెలియదు. పక్కనే ఉన్న లేపాక్షి గుడిలో, పైకప్పు చిత్రాల కింద మసక చీకట్లో తెలుస్తుంది. అక్కడికి ఈ గొట్టం మోసుకుపోవడమే దండగ.

మరి దూరం సంగతి? మార్చి దాటితే పొద్దున తొమ్మిదికే నేల కాగి గాలి తెరలు తెరలుగా లేస్తుంది. బీడులో దూరాన నిలబడ్డ కృష్ణజింకను 400 దగ్గర తీస్తే నీళ్లడుగున చూసినట్టు ఉంటుంది. ఆ వణుకు చేతిది కాదు, గాలిది. ఎంత ఖరీదైన గాజూ దాన్ని సర్దలేదు. వీలైనంత దగ్గరికి పోవడమే మందు. వీరాపురంలో ఆ నడకా అక్కర్లేదు. “అంత గొట్టమెందుకప్పా, మిద్దెక్కు” అనే అవ్వ ఏదో ఒక వాకిట్లో ఉండనే ఉంటుంది. మిద్దెక్కితే గూడు కంటికి ఎదురుగా వస్తుంది. తల్లి రెక్కలు పరిచి పిల్లలకు నీడ పట్టడం 200లోనే దొరుకుతుంది. అంతకన్నా దగ్గరికి పోయి తల్లిని లేపితే మాత్రం ఆ ఎండకు పిల్లలు మాడిపోతాయి. అందుకని వెనక్కి తగ్గి 1.4 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే 280 వస్తుంది, వెలుతురు ఒక స్టాప్ తగ్గుతుంది. నాకది చాలు.

నికాన్ వాళ్ల బాధ వేరు. పాత 80-200 ఎఫ్/2.8డి మంచి గాజు, కానీ ఫోకస్ తిప్పే మోటారు కెమెరాలో ఉండాలి. డి700లో ఉంది. జెడ్ కెమెరాకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో బిగిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే.

ఏది కొన్నా, డబ్బు లెక్కపెట్టే ముందు వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. లోపల నాలుగు దుమ్ము నలుసులుంటే బెంగ లేదు, ఫొటోలో కనిపించవు. సాలెపోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ఇక బేరమే వద్దు. అది తేమగాలి రోగం. అందుకే సముద్రం పక్క ఊళ్లో బీరువాలో నిద్రపోయిన లెన్సు కన్నా, ఈ దుమ్ములో రోజూ తిరిగిన లెన్సునే నేను ముందు చేతిలోకి తీసుకుంటాను, ఒంటినిండా గీతలున్నా సరే.