పొలానికి వేసే జింకు చక్కెర జబ్బుకు మందవుతుందా?

వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు కనిపిస్తే అది జింకు లోపమని ఏ రైతు నడిగినా చెబుతాడు. లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి పిచికారీ చేస్తే పైరు తేరుకుంటుంది. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లాలతో పాటు 14 రోజులు జింకు బిళ్లలు ఇవ్వడం కూడా గ్రామాల్లో తెలిసిన సంగతే.

మరి ఇదే జింకు చక్కెర జబ్బుకు పనిచేస్తుందా? బిళ్ల మింగి సూది మందు మానెయ్యవచ్చునా? ఏళ్ల తరబడి సూది పొడుచుకుంటున్న వారికి ఇటువంటి ఆశ కలగడం సహజం. కాని అందులో నిజమెంతో తెలియకుండా మందు మానితే ప్రాణానికే ముప్పు.

ఇన్సులిన్‌కు తోడు

జింకుకూ మధుమేహానికీ సంబంధం ఉన్న మాట వాస్తవం. మన పొట్టలోని క్లోమ గ్రంథి ఇన్సులిన్‌ను జింకుతో కలిపే దాచుకుంటుంది. వరి పనలను తాడుతో మోపు కట్టినట్లు, ఆరు ఇన్సులిన్ అణువులను రెండు జింకు పరమాణువులు ఒక కట్టగా పట్టి ఉంచుతాయి. ఈ నిర్మాణాన్ని 1969లో ఇంగ్లండులో డొరొతీ హాడ్జ్‌కిన్ బృందం తేల్చింది. ఆ బృందంలో మన దేశ శాస్త్రజ్ఞుడు ఎం. విజయన్ కూడా ఉన్నారు.

అంతకు చాలా ముందే జింకు రోగులకు మేలు చేసింది. కెనడాలోని టొరంటోలో 1922 జనవరిలో 14 ఏళ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ సూది వేశారు. అయితే దాని ప్రభావం కొద్ది గంటలే ఉండేది. రోజుకు మూడు నాలుగు సార్లు పొడుచుకోవలసి వచ్చేది. 1936లో అక్కడి శాస్త్రజ్ఞులు స్కాట్, ఫిషర్‌లు ప్రోటమిన్ ఇన్సులిన్‌కు జింకు చేర్చగా, ఒక్క సూది ఒకరోజుకు పైగా పనిచేసింది. నేటికీ పెక్కు ఇన్సులిన్ సీసాల్లో జింకు అతి స్వల్పంగా ఉంటుంది. అంటే ఇక్కడ జింకు మందుకు తోడు మాత్రమే, అదే మందు కాదు.

ఎలుకల మీద పరీక్షలు

జింకు తనంతట తానే ఇన్సులిన్‌లా కొంత పనిచేస్తుందని 1980లో కణాల మీద జరిపిన పరీక్షల్లో తెలిసింది. 1992లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మధుమేహం కలిగించిన ఎలుకలకు జింకు తాగిస్తే రక్తంలో చక్కెర తగ్గింది. ఆ తర్వాత జపానులోని క్యోటోలో హిరోము సకురాయ్ బృందం జింకుతో కొత్త సమ్మేళనాలు తయారుచేసింది. వాటిలో ఒకటి వెల్లుల్లిలో ఉండే పదార్థంతో కూడినది. చుంచెలుకల్లో వీటి ఫలితాలు బాగున్నాయి.

ఎలుకకు తగ్గినంత మాత్రాన మనిషికి తగ్గుతుందని చెప్పలేము. మధుమేహ రోగులకు జింకు బిళ్లలు ఇచ్చిన కొన్ని పరిశోధనల్లో పరగడుపు చక్కెర కొంత తగ్గింది. కాని జింకు తీసుకుంటే అసలు జబ్బే రాకుండా ఉంటుందనడానికి తగిన రుజువు లేదని 2015లో వెలువడిన సమీక్ష తేల్చింది. ఇన్సులిన్‌కు గాని, డాక్టరు రాసే బిళ్లలకు గాని బదులుగా వాడదగిన జింకు మందు ఇంతవరకు రాలేదు.

ఇన్సులిన్ మీదే ఆధారపడిన వారు, ముఖ్యంగా పిల్లలు, సూది మానితే కొద్ది రోజుల్లోనే వాంతులు, ఆయాసం వచ్చి స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

ఎరువు మందు కాదు

పొలానికి తెచ్చిన జింకు సల్ఫేటును ఎట్టి పరిస్థితిలోనూ నోట వేసుకోరాదు. కడుపులో మంట, వాంతులు కలుగుతాయి. ఎరువులో సీసం వంటి విష లోహాలు కలిసి ఉండవచ్చు. మందుల షాపులో అమ్మే బిళ్లలైనా అతిగా వాడరాదు. జింకు ఎక్కువైతే ఒంటికి రాగి పట్టదు, దానితో రక్తహీనత వస్తుంది. పెద్దలకు అన్నీ కలిపి రోజుకు 40 మిల్లీగ్రాములు మించకూడదు.

తిండిలోనే జింకు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల ప్రకారం పురుషునికి రోజుకు సుమారు 17, స్త్రీకి 13 మిల్లీగ్రాముల జింకు కావాలి. మధుమేహం ఉన్నవారికి మూత్రంలో జింకు ఎక్కువగా పోతుంది కనుక వారు తిండి విషయంలో మరింత శ్రద్ధ వహించాలి. మాంసం, గుడ్లు, నువ్వులు, శనగలు, పప్పులు, గుమ్మడి గింజల్లో ఇది లభిస్తుంది. గింజలను నానబెట్టి మొలకెత్తిస్తే, పిండిని పులియబెడితే ఒంటికి బాగా పడుతుంది.

జింకు బిళ్లలు వాడాలనుకునే వారు ముందుగా డాక్టరును అడగాలి. వాడుతున్నా సరే, సూది మందు, బిళ్లలు, రక్త పరీక్షలు యథాప్రకారం సాగాలి.