కుజుడికీ అమ్మాయి పెళ్లికీ ఏమిటి లంకె?

"పిల్ల బాగుందండీ, కానీ కుజదోషం ఉందట!" ఈ ఒక్క మాటతో మా కోనసీమలో ఎన్ని సంబంధాలు గుమ్మందాకా వచ్చి వెనక్కి పోతాయో! అమలాపురంలో మా బంధువులమ్మాయికీ అదే జరిగింది. చదువుంది, ఉద్యోగముంది. జాతకం పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ కబురు పెట్టలేదు. "ఎక్కడో ఆకాశంలో ఉన్నవాడికి నామీద కోపమేంటి పిన్నీ?" అని ఆ పిల్ల అడిగింది. అసలీ కుజుడెవరో మనమూ తెలుసుకోవద్దూ?

సూర్యుడికి దగ్గరగా తిరిగే బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు - నాలుగూ రాతి గ్రహాలే. పైన రాయి, నడుమ ఇనుము. మందపల్లిలో మనం తైలాభిషేకం చేయించే శని అలా కాదు, చాలావరకు వాయువులే. కాలు మోపడానికి నేలుండదు.

బుధుడు 88 రోజుల్లో సూర్యుణ్ణి చుట్టేస్తాడు. శుక్రుడు మన వేగుచుక్కే. చూడ్డానికి చల్లన, నేలమీద మాత్రం 460 డిగ్రీల వేడి! సూర్యుడి వెలుగులో పడి కొన్నాళ్లు కంటికి ఆనకపోవడమే మనమనే శుక్రమూఢం. అక్కడి పెద్ద పెద్ద బిలాలకు పేరున్న స్త్రీల పేర్లే పెడతారు. 1886లో అమెరికాలో డాక్టరు పట్టా పొందిన ఆనందీబాయి జోషి పేరూ ఉంది.

ఇక కుజుడు. భూమిలో సగానికి కాస్త పెద్ద. ఎరుపు కోపంవల్ల వచ్చింది కాదు, మట్టిలోని ఇనుము తుప్పువల్ల వచ్చింది. అక్కడి రోజు మన రోజుకన్నా 40 నిమిషాలే ఎక్కువ. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి మంగళయాన్ అక్కడికే బయల్దేరింది. శుభకార్యాలకు మనం వద్దనే మంగళవారం నాడే! 2014 సెప్టెంబరు 24న తొలి ప్రయత్నంలోనే కుజుడి కక్ష్యలోకి చేరింది. దాన్ని నడిపించినవారిలో నందినీ హరినాథ్, రీతూ కరిధాల్ వంటి స్త్రీలున్నారు.

ఇప్పుడో చిన్న లెక్క. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషమంటారు. పన్నెండిళ్లలో అయిదు! అంటే ఇంచుమించు పన్నెండుమందిలో అయిదుగురికి ఈ దోషం ఉన్నట్టే. మినహాయింపులున్నా, అబ్బాయిలకూ ఇదే లెక్క. కానీ సంబంధం తప్పితే మాట పడేది ఎవరు? ఆడపిల్లే కదూ!

జాతకాలు చూసుకునేవారిని నేను మానమనడం లేదు. దానికన్నా ముందు అబ్బాయి అలవాట్లు, ఆరోగ్యం, ఇంట్లోవాళ్ల తీరు వాకబు చేయండి. కాపురం కుదురుగా సాగేది వాటివల్లే. దోషమన్న మాట పిల్ల చెవిన పడేలా అనకండి. 'కు' అంటే భూమి. కుజుడంటే భూమికి పుట్టినవాడని అర్థం. రాతి గ్రహాల్లో మన పక్కింటివాడు. పక్కింటివాడిమీద నింద వేసి మన పిల్లను ఏడిపించడం ఏం న్యాయం, చెప్పండి?